టీ నీళ్ళలో ముంచిన చొక్కా

కిందటి వారం సింధూజ డ్రామా గది తలుపు తోసి, లోపల కనిపించింది చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. వారం పాటు ఆ పిల్లను అలా నిలబెట్టిన పాపం మనదే. ఇక లోపలికి తీసుకుపోదాం. ఈలోగా మరిచిపోయినవాళ్ళకు నాలుగు ముక్కలు.

సింధూజ యూనివర్సిటీలో జానపద సంగీతం మీద పీహెచ్‌డీ చేస్తోంది. రోజూ మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వస్తుంది. తండ్రి ఇన్నయ్య ఊళ్ళో వ్యవసాయం వదిలి పట్నం వచ్చి, బౌద్ధనగర్ పెళ్ళి బ్యాండులో క్లారినెట్ నేర్చుకుని, దాంతోనే ఇల్లు నడిపిన మనిషి. డీజే పెట్టెలు వచ్చాక బ్యాండు మూతపడింది. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. లోపల డీజే మోగుతుంటే బయట కార్లు ఎక్కడ పెట్టాలో చెయ్యి ఊపి చూపిస్తుంటాడు.

సింధూజకు ఒక పగటికల ఉంది. సెమినార్లలో కంది, లైబ్రరీలో పుస్తకం తెరిచి పెట్టుకుని కంది, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ కంది. సాయంత్రం పూట తార్నాక చౌరస్తా. మిర్చి బండి చుట్టూ జనం, ఉప్పల్ బస్సు కోసం మెడలు చాచినవాళ్ళు, మెట్రో మెట్లు దిగుతూ ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఎక్కడో క్లారినెట్ మొదలవుతుంది. ఎవరిదో పెళ్ళి అనుకుంటారు. పెళ్ళి లేదు. ఎర్రకోటు వేసుకున్న ఒక మనిషి మిర్చి బండి పక్కన నిలబడి వాయిస్తున్నాడు. బస్టాపులో ఒకామె కూరగాయల సంచి కింద పెట్టి పాట అందుకుంటుంది. మెట్ల మీద నుంచి ఇంకో గొంతు కలుస్తుంది. ఎదురు ఫుట్‌పాత్ మీద డ్రమ్ము పలుకుతుంది. కాసేపే. తర్వాత ఆమె సంచి తీసుకుని బస్సెక్కి పోతుంది. బ్యానరు ఉండదు, పేరు ఉండదు, ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఇంటికి పోయి చెప్పుకోవడానికి జనానికి ఒక మాట మాత్రం మిగులుతుంది.

ఈ కలను సింధూజ ఒక్కడికే చెప్పింది. సాత్విక్‌కు. తార్నాకలో పుట్టి పెరిగినవాడు, తాతల ఊరు తెనాలి దగ్గర, సౌండ్ రికార్డింగ్ బాగా తెలిసినవాడు. క్యాంటీన్ బెంచీ మీద వాడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటుంటే ఈ పిల్ల చెప్పీ చెప్పీ మురిసిపోయింది. "నేను చేసి చూపిస్తా సింధూ, నువ్వు శనివారం సాయంత్రం తార్నాకకి వచ్చి నిలబడు చాలు," అన్నాడు వాడు. ఆ శనివారం ఇదే. ఆగలేక మధ్యాహ్నమే రిహార్సలు చూద్దామని వచ్చింది.

వచ్చి చూస్తే లోపల పాతికమంది వరుసగా నిలబడి ఆశ్చర్యపోవడం నేర్చుకుంటున్నారు.

మీరు సరిగ్గానే చదివారు. ఆశ్చర్యపోవడమే. జ్యోతిర్మయి అనే ఆవిడ మెడలో కార్డు వేసుకుని, చప్పట్లు కొడుతూ నేర్పిస్తోంది.

"ఫోన్ చూస్తున్నారు... మ్యూజిక్ వినపడింది... తల వెంటనే ఎత్తకూడదు. ఆగండి. ఆ, ఇప్పుడు ఎత్తండి. చెయ్యి నోటి మీదికి. పచ్చ చీర ఆంటీ, మీకు ఏడుపు ఉంది, మర్చిపోకండి."

"గ్లిజరిన్ మీరిస్తరా మేడం, మేమే తెచ్చుకోవాల్నా?" అంది పచ్చ చీర ఆమె.

"మేమే ఇస్తాం. కాటుక మాత్రం పెట్టుకోకండి, కారిపోతుంది."

పాతికమందీ మళ్ళీ ఫోన్లు చూశారు. పాతికమందీ తలెత్తారు. పాతిక చేతులు పాతిక నోళ్ళ మీదికి వెళ్ళాయి. సింధూజకు ఎన్నాళ్ళుగానో దాచుకున్న తన సొంత వస్తువును ఎవరో నోట్లో వేసుకుని నమిలి మళ్ళీ చేతిలో పెట్టినట్టు అసహ్యం వేసింది.

సాత్విక్ నల్ల టీషర్టులో, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఎదురొచ్చాడు.

"అరె, నిన్ను డైరెక్ట్‌గా తార్నాక రమ్మన్నాను కదా! ఇక్కడికెందుకొచ్చావ్?"

"గీళ్ళెవరు?"

"రియాక్షన్స్."

"ఏంది?"

"రియాక్షన్స్, సింధూ. వినే జనం."

"తార్నాకల జనం లేరా?"

"ఉంటారు. కానీ ఆగరు. ఆఫీస్ నుంచి ఇంటికెళ్ళేవాడు పాట విని ఆగి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడా చెప్పు? పెట్టుకున్నా వాడి మొహం ఎలా ఉంటుందో మన చేతుల్లో లేదు. క్లయింట్‌కి మంచి మొహాలు కావాలి."

"క్లయింటా?"

అప్పుడు బయటపడింది. ఊరి చివర అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీ. ఏడు టవర్లకు ఏడు స్వరాల పేర్లు పెట్టారట. షడ్జమం నిండిపోయింది, నిషాదంలో ఫ్లాట్లు ఇంకా మిగిలాయి. పాట చివర మెట్రో మెట్ల రెయిలింగ్ మీద నుంచి ఒక బ్యానరు కిందికి జారుతుంది: 'మీ ఇల్లే ఒక సంగీతం.' సాత్విక్ ఇదంతా ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. వాడి కళ్ళు క్యాంటీన్ బెంచీ మీద మెరిసినట్టే మెరిశాయి. సింధూజను నిజంగా కుమిలిపోయేలా చేసింది అదే. ఆ మెరుపు చూసే కదా తను అన్నీ చెప్పుకుంది!

గది మూలన ఒకతను బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బకెట్‌లో టీ డికాక్షన్. అతని చేతిలో తెల్లటి కొత్త చొక్కా, కాలర్‌కు కంపెనీ చీటీ కూడా ఇంకా వేలాడుతోంది. చొక్కా ముంచుతున్నాడు, పిండుతున్నాడు, నేలకేసి రుద్దుతున్నాడు, ఎత్తి చూసి చాలలేదని మళ్ళీ ముంచుతున్నాడు. భుజం దగ్గర బ్లేడుతో ఒక చీలిక పెట్టాడు.

"అదేంది?"

"కాస్ట్యూమ్," అన్నాడు సాత్విక్. "కథ ఉండాలి కదా. మెట్ల మీద ఒక గుడ్డి బిచ్చగాడు క్లారినెట్ వాయిస్తుంటాడు. ఎవరూ పట్టించుకోరు. పెద్ద కారులోంచి చిన్న పాప దిగి, అతని గిన్నెలో తన చాక్లెట్ వేసి, పక్కన కూర్చుని పాట అందుకుంటుంది. అప్పుడు ఊరంతా కలుస్తుంది. స్టోరీ విని కంపెనీవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు తెలుసా?"

"గ్లిజరిన్‌తోనా?"

సాత్విక్ నవ్వేశాడు. నవ్వడం వాడికి చాలా తేలిక.

"క్లారినెట్ వాయించేదెవరు?"

వాడు హెడ్‌ఫోన్స్ సర్దుకున్నాడు. "మంచి ఆర్టిస్టే. నీకు సర్‌ప్రైజ్."

సరిగ్గా అప్పుడు పక్కనున్న మేకప్ గదిలోంచి రెండు స్వరాలు వినిపించాయి. పొట్టిగా రెండు. తర్వాత ఒక దగ్గు. ఆ తర్వాత మూడోది, పొడుగ్గా, చివర కాస్త వణుకుతూ. ఊహ తెలిసినప్పటి నుంచీ పెళ్ళిళ్ళ సీజన్‌లో సింధూజ ఈ రెండు స్వరాలకూ ఒక దగ్గుకూ నిద్ర లేచేది. నోట్లో పెట్టుకునే క్లారినెట్ పీకను తడిపి పదును చూసుకునేటప్పుడు ఈ లోకంలో ఇంకెవరూ అలా దగ్గరు.

ఆమె తలుపు తీసింది.

ఇన్నయ్య ఇనుప కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎర్రకోటు, భుజాల మీద బంగారు జరీ, మెడ దాకా పెట్టుకున్న ఇత్తడి గుండీలు. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకున్నాడు. ఒళ్ళో క్లారినెట్. కూతుర్ని చూసి మొహమంతా వెలిగిపోయింది.

"వచ్చినవా బిడ్డా! నువ్వు జేసే కార్యానికి బాపును పిలవాల్నంటే సిగ్గయిందా? సారును తోల్తవా? నువ్వే చెప్పొచ్చు గదా!"

సింధూజ గుమ్మంలోనే ఆగి ఆ కోటు వైపే చూసింది.

"నిన్నటి సంది మీ అమ్మ ఈ కోటును ఎన్నిసార్లు ఇస్త్రీ జేసిందో! బాలస్వామి మాస్టర్ కుట్టిచ్చిన కోటిది. నాకు ఊదుడు నేర్పిన మనిషి. షుగరొచ్చి కండ్లు పోయి బౌద్ధనగర్ల ఒక్కడే పడుంటుండు పాపం. ఇయ్యాల నా బిడ్డ పిలిస్తె నేను తార్నాకల వాయిస్తున్ననని తెలిస్తె ఎంత సంబురపడునో!" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "గని బిడ్డా, ఒక్క మాట సమజ్ కాలె. కోటు తీసి గా అంగి తొడుక్కోమంటున్నరు. బిచ్చపోని ఏసమట. నల్ల అద్దాలట. నువ్వు రాసిందేనట గదా?"

"ఎవరన్నరు?"

"సారే అన్నడు. నీ సదువుల గట్లుంటదేమో అనుకున్న. నువ్వు రాసినవంటె ఏదో ఉంటది గదా."

ఆ మాట అంటూ ఇన్నయ్య కోటు జరీని వేలితో సవరించుకున్నాడు. తనకు తగిలిన దెబ్బ కూతురికి కనపడకూడదని అలా వేలితో కప్పుకున్నాడు. సింధూజకు ఒళ్ళంతా భగ్గుమంది.

"లే బాపూ. ఇంటికి పోదాం."

"ఎట్ల పోత?" ఇన్నయ్య జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. వాడిన తమలపాకులు, రెండు వక్కలు. "తాంబూలం పుచ్చుకున్న."

ఇది బయటివాళ్ళకు చిన్న సంగతిగా కనపడవచ్చు. బాలస్వామి బ్యాండులో రెండు కట్టుబాట్లు ఉండేవి. తాంబూలం పుచ్చుకున్నాక వెనక్కి పోకూడదు. కోటు గుండీలు పెట్టుకున్నాక, పిలిచినవాళ్ళు వచ్చి ఇక చాలనే దాకా విప్పకూడదు. సింధూజ పుట్టిన రోజున కూడా ఇన్నయ్య తాంబూలం పుచ్చుకున్న పెళ్ళిలో అప్పగింతల దాకా వాయించి, తెల్లవారాక ఆసుపత్రికి పోయి, కోటుతోనే పిల్లను ఎత్తుకున్నాడు. పెళ్ళివాళ్ళు చాలని చెప్పడం మరిచిపోయారు, అందుకని. ఇంట్లో ఇది నవ్వుకునే కథ. తల్లి సారలమ్మ ఇప్పటికీ మొగుణ్ణి దీంతో ఆటపట్టిస్తుంది. ఈ కథను, మాస్టర్ సంగతులను కూడా సింధూజ క్యాంటీన్ బెంచీ మీద నవ్వుతూ నవ్వుతూ చెప్పింది. ఎవరికి చెప్పిందో మీకు తెలుసు.

ఆమె బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"తాంబూలం సంగతి నీకెవరు జెప్పిన్రు?"

"నువ్వే," అన్నాడు సాత్విక్, ఇందులో దాచేదేముందన్నట్టు. "మామూలుగా అడిగితే బిచ్చగాడి వేషం అంటే ఆయన ఒప్పుకోరని తెలుసు. అందుకే ముందు తాంబూలం ఇచ్చేశా. నీ పేరు చెప్పి. వేషం సంగతి ఇక్కడికొచ్చాకే చెప్పా. మీ అమ్మగారు టీ కూడా ఇచ్చారు. చాలా మంచి టీ."

"మా ఇంట్ల టీ తాగి..."

"సింధూ, ప్లీజ్, డ్రామా వద్దు. ఆయన క్లారినెట్ పట్టుకుని ఎన్నేళ్ళయింది? గేటు దగ్గర కార్లు పార్క్ చేయిస్తున్న మనిషి ఈ రోజు లక్షమంది ఫోన్లలో కనపడతాడు. ఎర్రకోటుతో నిలబెడితే పెళ్ళి బ్యాండు అనుకుని వెళ్ళిపోతారు. జాలి పుట్టాలంటే ఆ చొక్కా వేయాల్సిందే."

"జాలా? నాకు జాలి గావాల్నని ఎప్పుడన్న చెప్పిన్నా?"

"నువ్వు చెబుతూనే ఉంటావు. రెండేళ్ళ నుంచి బెంచీ మీద కూర్చుని చెబుతూనే ఉన్నావ్. ఒక్కసారైనా వెళ్ళి చేశావా? నీ తలలో ఉంటే అది అలాగే ఉండిపోయేది. రోడ్డు మీదికి తెచ్చింది నేను."

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే అది మరీ కంపుకొట్టింది. సింధూజకు వాడి మీద ఎంత రోత పుట్టిందో తన మీద కూడా అంతే పుట్టింది. కలను ఒక చోట పెట్టి దాని చుట్టూ తిరుగుతూ ముద్దు చేసుకుంది తప్ప, బాపు చెయ్యి పట్టుకుని ఒక్కనాడు తార్నాకకు నడిపించలేదు. పైగా ఆయన్ను కట్టేసే తాడు ఎక్కడుందో చూపించి మరీ ఇంకొకడి చేతికిచ్చింది.

లోపల ఇన్నయ్య మళ్ళీ దగ్గాడు. సింధూజ కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడ్చానని ఒప్పుకున్నట్టవుతుందని అలాగే లోపలికి వెళ్ళింది.

"బాపూ, తాంబూలం ఎవరి పేరు మీద ఇచ్చిండు?"

"నీ పేరు మీదనే."

"అయితే పిలిచింది నేనే గదా?"

"నువ్వే."

"మరి యాడ వాయించాల్నో, ఎట్ల వాయించాల్నో పిలిచినోళ్ళే చెప్పాలె గదా?"

ఇన్నయ్య తలెత్తి చూశాడు. ఏదో అర్థమవుతున్నట్టు మీసాల కింద చిన్నగా కదలిక.

"కోటు తియ్యకు," అంది సింధూజ. "తార్నాకల మిర్చి బండి కాడ నిలబడి వాయించాలె. బిచ్చపోడు లేడు, గిన్నె లేదు. నీకేది బుద్ధయితె అది వాయించు. నేను చాలన్నప్పుడే గుండీ ఇప్పాలె."

"గట్లనా!" అన్నాడు ఇన్నయ్య. లేచి కోటు కిందికి లాగి సవరించుకున్నాడు. అంత హాయిగా ఆయన లేవడం ఆమె ఈ మధ్య చూడలేదు.

గుమ్మంలో సాత్విక్ అడ్డం నిలబడ్డాడు. "పర్మిషన్ కంపెనీ పేరు మీద ఉంది. మీ ఇద్దర్నీ అక్కడ నిమిషం కూడా నిలబడనివ్వరు."

"ఎల్లగొడితే ఎల్లగొట్టనీ. ఆ నిమిషమే చాలు."

వాడు అరుస్తాడనుకుంది. అరవలేదు. భుజాలు ఎగరేసి తప్పుకున్నాడు. "సరే, నీ ఇష్టం. సేఫ్ సైడ్‌కి నా ఏర్పాట్లు నాకున్నాయి," అని ఫోను చెవికి పెట్టుకున్నాడు. బకెట్ దగ్గరి మనిషి తడి చొక్కాను ప్లాస్టిక్ కవర్లో కుక్కి, బండి తాళాలు తీసుకుని గబగబా బయటికి పోయాడు. సింధూజ చూసింది. చూసి కూడా, బిచ్చగాడే లేనప్పుడు ఆ చొక్కా ఎవరికని తనను తాను అడగలేదు. ఆ క్షణం ఆమె గెలిచిన సంతోషంలో ఉంది.

తండ్రీ కూతుళ్ళు క్యాంపస్ రోడ్డు వెంట తార్నాక వైపు నడిచారు. ఎర్రకోటు చూసి హాస్టల్ పిల్లలు "అన్నా, పెండ్లెవరిది?" అని కేకలేశారు. ఇన్నయ్య క్లారినెట్ ఎత్తి చూపించి, "ఊరిది!" అన్నాడు. సింధూజ నవ్వింది. తన కల తన పక్కన చెప్పులు టపటపలాడిస్తూ నడుస్తోంది. కాసేపు ఆ అసహ్యమంతా వెనకే ఉండిపోయిందనుకుంది.

మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్ ఎప్పటిలాగే గింజుకుంటోంది. మిర్చి బండి ఉంది. బస్టాపు ఉంది. బస్టాపులో పచ్చ చీర ఆమె ఉంది, చేతిలో ఫోను, కళ్ళకు కాటుక లేదు. పాతికమందీ ఎవరి చోట వాళ్ళు నిలబడి, ఆశ్చర్యపోవడానికి సిద్ధంగా ఉన్నారు. రెయిలింగ్ మీద చుట్టిన బ్యానరు.

ఇన్నయ్య ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏమైంది బాపూ?"

"ఇను."

హారన్ల మధ్యలోంచి క్లారినెట్. సన్నగా, ఊపిరి చాలక మధ్యలో తెగుతూ, తెగిన చోటే మళ్ళీ అందుకుంటూ.

"ఇది మాస్టర్ ఊదుడు," అన్నాడు ఇన్నయ్య. ఆయన మొహంలో రంగు పోయింది.

ఇద్దరూ జనాన్ని తోసుకుంటూ పోయారు. మెట్రో మెట్ల మీద, కింది మెట్టు మీద, బాలస్వామి మాస్టర్ కూర్చుని ఉన్నాడు. పెళ్ళి పందిట్లో కూడా ఏనాడూ కూర్చుని వాయించని మనిషి. టీ నీళ్ళ చొక్కా ఇంకా ఆరలేదు. పక్కటెముకలకు అతుక్కుని, భుజం దగ్గర పెట్టిన చీలికలోంచి ఎండిన చర్మం కనపడుతోంది. నిజంగానే చూపులేని కళ్ళకు నల్లద్దాలు పెట్టారు. కాళ్ళ ముందు సత్తు గిన్నె. కెమెరా పట్టుకున్నవాడు ఆయన మొహం మీదికి వంగాడు. ఆ వెనకే జ్యోతిర్మయి బొటనవేలు ఎత్తి చూపించింది.

ఇంత నీచం కూడా పద్ధతిగా, టైము ప్రకారం, మంచి సౌండుతో జరగగలదని సింధూజకు అప్పటిదాకా తెలియదు.

ఆమె వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గాజుల చప్పుడుకు పెద్దాయన పీక నోట్లోంచి తీశాడు.

"ఎవరు? ఇన్నయ్య బిడ్డవా? సింధూజవా?"

"అవును తాతా."

"నీ పేరు మీద తాంబూలం తెచ్చిన్రు బిడ్డా. నన్నింక పెండ్లికెవరు పిలుస్తరనుకున్న. పిలిచినవు. సల్లగుండు." చొక్కా అంచును వేళ్ళతో తడిమాడు. "బ్యాండోళ్ళకు కొత్త డ్రెస్సులు కుట్టిచ్చినవట. గని గిది తడిగున్నదేంది? రంగు మంచిగనే ఉన్నదా?"

సింధూజ ఆ అంచును ఆయన వేళ్ళలోంచి మెల్లగా విడిపించింది. అప్పుడే మెట్లు దిగుతున్న ఒకామె, పాతికమందిలోది కాదు, నిజంగా ఇంటికి పోతున్నామె, జాలిగా చూసి పర్సు తీసి గిన్నెలో రూపాయి బిళ్ళ వేసింది.

బాలస్వామి తల పక్కకు వంచి విన్నాడు.

"గిన్నెల చప్పుడేంది బిడ్డా? అప్పుడే పెండ్లోళ్ళు బువ్వకు కూసున్నరా?"

బస్టాపులో పచ్చ చీర ఆమె చెయ్యి నోటి దాకా లేచి, అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది. "ఆంటీ, చెయ్యి, చెయ్యి!" అని అరిచింది జ్యోతిర్మయి.

సింధూజ తల తిప్పి తండ్రి వైపు చూసింది. ఆమె ఇంకా చాలనలేదు. ఎవరూ చాలనలేదు. ఇన్నయ్య క్లారినెట్‌ను చంకలో పెట్టుకుని, తన గురువు ఒంటి మీది తడి చొక్కానే చూస్తూ, ఎర్రకోటు మొదటి గుండీ విప్పాడు.